ప్రాత జీపుబండి స్టీరింగు వదులు: ఇంటివద్ద సవరించు విధము

విల్లీసు జీపు 1941వ సంవత్సరమున సైన్యము కొఱకు పుట్టినది. యుద్ధానంతరము పొలముబాటలకును వచ్చినది. 1953లో వెలువడిన సిజె 3బి రకమును మన దేశమున మహీంద్రావారు చిరకాలము తయారుచేసిరి. అట్టి బండ్లను నేటికిని శ్రద్ధతో నుంచుకొన్న రైతులు గలరు. వారికి తఱచుగ నెదురగు చిక్కు స్టీరింగు వదులగుట. స్టీరింగును బెత్తెడు త్రిప్పినను ముందుచక్రములు తిరుగకున్నచో, కాలువగట్టుపై ఎదురుబండి వచ్చినపుడు ప్రాణాపాయము. కావున దీని నుపేక్షింపరాదు.

బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను నాపి, వెనుక చక్రములకు దిమ్మలు వేయవలయును. ఒకరు స్టీరింగును కుడియెడమలకు కొద్దిగా కదల్చుచుండగా, మఱియొకరు ముందు కూర్చుండి అతుకుల నొక్కొక్కటిగ చూడవలయును. ఒక భాగము కదలుచు, దానికి తగిలించిన భాగము కదలకున్నచో దోష మచ్చటనే యున్నది. పిమ్మట ఇరుసును జాకీతో లేపి, క్రింద గట్టి దిమ్మ నుంచి, టైరును పైనను క్రిందను పట్టి ఊపవలెను. బ్రేకు త్రొక్కినంతనే ఊగుట మానినచో చక్రపు బేరింగులును, మానకున్నచో కింగ్ పిన్ను బేరింగులును వదులైనవని గ్రహింపవలయును.

ఈ బండిలో మొదట అనుమానింపవలసినది బెల్ క్రాంకు. రెండు టై రాడ్ల బరువును అదియే మోయును. దాని పిన్నును బేరింగులను ఒక్కసారిగ మార్చవలెను. అరిగిన పిన్నుపై క్రొత్త బేరింగు నిలువదు. టై రాడ్డు కొనను విప్పునపుడు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించి, క్రొత్తదానిని అన్ని చుట్లే బిగింపవలయును. మరలపై సుత్తితో కొట్టరాదు. స్ప్లిట్ పిన్ను ఎల్లప్పుడును క్రొత్తది వేయవలెను. రంధ్రము కుదరకున్నచో నట్టును మఱికొంత బిగింపవలెనేగాని వదులు చేయరాదు.

స్టీరింగు పెట్టె జోలికి కడపట పోవలయును. చక్రములు తిన్నగా నున్నపుడే ప్రక్కనున్న స్క్రూను సవరింపవలెను. పెట్టెలోని పనిముట్టు నడుమ బిగువుగా నుండునట్లు చేయబడినది. చక్రములు ప్రక్కకు తిరిగియుండగా బిగించినచో నడిమికి వచ్చునప్పటికి పట్టివేయును.

పని ముగిసిన వెనుక, ముందుచక్రముల నడిమి దూరమును ఇరుసు ఎత్తున కొలువవలయును. వెనుకవైపుకంటె ముందువైపు అంగుళములో 3/64 మొదలు 3/32 వఱకు తక్కువగా నుండవలెను.

వంగిన లేదా బీటువారిన చేతులను కాల్చి సరిచేయుటగాని వెల్డింగు పెట్టుటగాని కూడదు; మార్చివేయవలయును. మొదట ఖాళీస్థలమున మెల్లగా నడిపి, నట్లను మరల పరీక్షింపుడు. బురదలోను నీటిలోను నడచిన పిదప గ్రీజు పెట్టుట మఱవకుడు. పిడికెడు గ్రీజు కాచు వస్తువును పిమ్మట రూపాయలు కాచుట కష్టము.