పసిబిడ్డ పడక ప్రక్కన



వ్యాధిగ్రస్తుణ్ణి పరామర్శించడం ఒక ముస్లిముపై మరొక ముస్లిముకున్న హక్కులలో ఒకటని ఈ మింబరు మీద నుంచి ఎన్నోసార్లు చెప్పుకున్నాము. కాని ఆ వ్యాధిగ్రస్తుడు తన బాధ ఏమిటో నోరు తెరిచి చెప్పలేని మూడేళ్ళ పసిబిడ్డ అయినప్పుడు, ఆ మంచం దగ్గర ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు బాధితులుంటారు. ఒకరికి సెలైను ఎక్కుతూ ఉంటుంది. మిగిలినవారు ప్రక్కన స్టూలు మీద కూర్చుని ఉంటారు. నేటి ప్రసంగం ఆ స్టూలు మీద కూర్చున్నవారిని గురించి.

మన బాపులపాడుకు జాతీయ రహదారి మీద కొద్ది దూరంలోనే ఉన్న ఏలూరు నగరంలో 2020 డిసెంబరు 5వ తేదీన జరిగిన సంఘటన మీకు గుర్తుండే ఉంటుంది. వన్ టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోసాగారు. వారం తిరిగేసరికి బాధితుల సంఖ్య ఆరువందలకు చేరింది. వారిలో చిన్నపిల్లలు ఎందరో ఉన్నారు. ఒకరు మరణించారు. అత్యధికులు త్వరగానే కోలుకుని ఇళ్ళకు వెళ్ళారు. బాధితుల రక్త నమూనాలలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో బయటపడింది. పురుగుమందుల అవశేషాల మీద కూడా నిపుణులు అనుమానం వ్యక్తం చేశారు. అయితే ఇవన్నీ తరువాత తెలిసిన విషయాలు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో బిడ్డను భుజాన వేసుకుని నిలబడిన తల్లికి సీసమూ తెలియదు, నికెలూ తెలియదు. అంతవరకు ఆడుకుంటున్న బిడ్డ కళ్ళు తేలవేసిందన్నది ఒక్కటే ఆమెకు తెలుసు.

ఆ వార్తలు చదివిన రోజులలో నేను వాటిని వార్తలుగానే చదివాను. తరువాత ఒక మే నెలలో, తోటలలో బంగినపల్లి కోతలు జోరుగా సాగుతున్న రోజులలో, మూడేళ్ళ మా అమ్మాయికి రెండు రోజులు జ్వరం కాసి మూడవ రోజు సాయంత్రం శరీరం బిగుసుకుపోయింది. చేతులు, కాళ్ళు కొట్టుకున్నాయి. పెదవులు నీలివర్ణానికి మారాయి. మా అత్తగారు బిడ్డ పిడికిలిలో తాళాల గుత్తి పెట్టారు. ప్రక్కింటివారు పళ్ళ మధ్య చెంచా పెట్టబోయారు. ఇద్దరూ ప్రేమతోనే చేశారు. నేను మాత్రం ఏమీ చేయలేక నిలబడిపోయాను. గడియారం చూస్తే రెండు నిమిషాలైనా గడవలేదు. నాకది ఒక రాత్రంత పొడవుగా తోచింది.

ఇక్కడ కాస్త ఆగి ఈ విషయం వివరించడం అవసరం, ఎందుకంటే ఇది మీలో ఎవరి ఇంటికైనా రావచ్చు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి తీవ్ర జ్వరంలో ఇటువంటి మూర్ఛ వస్తుంది. సాధారణంగా ఐదు నిమిషాల లోపే ఆగిపోతుంది. ఇలా త్వరగా ఆగిపోయే జ్వరపు మూర్ఛ మెదడుకు హాని చేయదు. అప్పుడు చేయవలసినది తక్కువ. బిడ్డను చదునైన చోట ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి. సమయం చూసుకోవాలి. నోటిలో చెంచా గాని, వేలు గాని, నీళ్ళు గాని పెట్టరాదు. ఇనుము పట్టించినందువల్ల మూర్ఛ ఆగదు. అది ఆగే వేళకు ఆగుతుంది, పేరు తాళాలకు వస్తుంది. ఐదు నిమిషాలు దాటినా, మళ్ళీ వచ్చినా వెంటనే 108కి ఫోను చేయాలి. త్వరగా ఆగినా సరే, మొదటిసారి వచ్చినప్పుడు వైద్యునికి చూపించి తీరాలి, జ్వరానికి మూలమేమిటో తెలియాలి గనుక.

మా బిడ్డ విషయంలో ఆ మూలం న్యుమోనియా. విజయవాడలో ఒక ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

సోదరులారా! నేను చేసిన పొరపాటు అక్కడ మొదలయింది. చేతికి సూది గుచ్చడానికి నర్సమ్మ వస్తుండగా బిడ్డ నా ముఖం చూసి, "అబ్బా, సూదా?" అని అడిగింది. "లేదమ్మా, ఊరికే చూస్తారు, అంతే" అన్నాను. ఇద్దరు పట్టుకుంటే మూడవవారు గుచ్చారు. ఆ అరుపుల మధ్య ఆమె చూసింది నర్సును కాదు, నన్ను. ఆ రాత్రి ఆక్సిజన్ కోసం ఐసీయూకు మార్చారు. తల్లిదండ్రులను లోపల ఉండనివ్వలేదు. ఉదయం కొద్దిసేపు, సాయంత్రం కొద్దిసేపు చూడనిచ్చారు. మొదటిసారి వెళ్ళినప్పుడు మమ్మల్ని చూసి ఏడ్చింది. రెండవసారి ఏడవలేదు, గోడవైపు తిరిగింది. "చూశారా, అలవాటు పడింది, మంచి పిల్ల" అన్నారు అక్కడివారు. నేను కూడా సంతోషించాను, అజ్ఞానంతో.

ఆ మౌనం సంతోషించదగినది కాదని దాదాపు డెబ్బై ఏళ్ళ క్రితమే ఒకరు లోకానికి చూపించారు. లండనులోని టావిస్టాక్ క్లినిక్‌లో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక చిత్రం తీశారు. చిన్న శస్త్రచికిత్స కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాప దినచర్య తప్ప అందులో మరేమీ లేదు. ఆ కాలంలో ఇంగ్లండు ఆసుపత్రులలో చాలావాటికి తల్లిదండ్రుల రాక అంటే గిట్టదు, వస్తే పిల్లలు ఏడుస్తారని. రాబర్ట్‌సన్ గమనించినది ఏమిటంటే, తల్లికి దూరమైన పసిబిడ్డ మొదట గట్టిగా నిరసిస్తుంది. తరువాత ఆశ వదులుకుని మౌనం వహిస్తుంది. చివరకు తల్లి వచ్చినా పట్టనట్లు ముఖం త్రిప్పుకుంటుంది. పెద్దలు కుదుటపడడం అనుకున్నది నిజానికి నిరాశ. వైద్యులు మొదట ఆయనపై కోపగించుకున్నారు. కాని 1959లో ఆ దేశంలో ప్లాట్ కమిటీ, పిల్లల వార్డులలో తల్లిదండ్రుల రాకపై ఆంక్షలు తొలగించాలని, చిన్నపిల్లలతో తల్లిని కూడా ఉండనివ్వాలని సిఫారసు చేసింది.

మన ప్రభుత్వ ఆసుపత్రుల పిల్లల వార్డులలో ఒకే మంచం మీద బిడ్డను పొదువుకుని పడుకున్న తల్లిని, మంచం క్రింద చాప మీద అమ్మమ్మను చూసి మనం ఇరుకు అని విసుగుపడతాము. ఇరుకే, కాదనను. అయినా కమిటీ వేసి సంపాదించుకోవలసి వచ్చిన మేలు ఒకటి ఆ ఇరుకులో మనవారికి ముందునుంచీ ఉంది. ఐసీయూ విషయం వేరు, అక్కడ అంటువ్యాధుల భయం ఉంటుంది. అటువంటి చోట కూడా "మేము చేతులు శుభ్రం చేసుకుని ఒకరమే ఎంతసేపు ఉండవచ్చు?" అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. నేను అడగలేదు. అడగవచ్చునని నాకు తెలియదు.

మరునాడు వార్డుకు తెచ్చిన తరువాత కూడా బిడ్డ నా చేతి నీళ్ళు త్రాగలేదు. వయసు మళ్ళిన నర్సమ్మ ఒకరు అది గమనించారు. నెబ్యులైజరు మాస్కు తెచ్చి ముందు నా ముఖానికి పెట్టుకోమన్నారు. బిడ్డ చూసింది. తరువాత చేతికున్న ప్లాస్టరు చూపించి, "ఇందులో సూది లేదమ్మా, సూది ఎప్పుడో తీసేశాము, మెత్తని చిన్న గొట్టం మాత్రమే ఉంది" అన్నారు. సోదరులారా, ఆ సంగతి నాకే తెలియదు! రెండు రోజులుగా బిడ్డ చేతిలో సూది గుచ్చి ఉందనుకుని ఆ చెయ్యి తాకడానికే జంకాను. రక్తపరీక్ష వేళ ఆమె, "నొప్పి పుడుతుంది. పది లెక్కపెట్టేలోగా అయిపోతుంది. నాన్న చెయ్యి గట్టిగా పట్టుకో" అన్నారు. బిడ్డ ఏడ్చింది. కాని ఈసారి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (ర) బాల్యంలో జరిగిన ఒక సంఘటన అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. దైవప్రవక్త (స) తమ ఇంట ఉండగా ఆయన తల్లి, ఏదో ఇస్తానంటూ కుమారుణ్ణి పిలిచారు. ఏమివ్వదలచావని ప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరమని ఆమె చెప్పారు. ఇవ్వకపోయి ఉంటే అది నీ లెక్కలో ఒక అబద్ధంగా నమోదయ్యేదన్నది ఆయన హెచ్చరిక. ఈ హదీసును నేను పలుమార్లు ఇతరులకు వినిపించాను. ఆ మంచం దగ్గర అది నాకు గుర్తు రాలేదు. "అల్లరి చేస్తే డాక్టరు చేత సూది వేయిస్తాను" అని ఇంట్లో బెదిరించడం కూడా ఈ కోవలోనిదే. నయం చేసేవాణ్ణి శిక్షించేవాడుగా పరిచయం చేసి, ఆ తరువాత అదే డాక్టరు ఎదుట బిడ్డ నోరు తెరవడం లేదని ఆశ్చర్యపోతాము.

ఆరవ రోజున ఇంటికి వచ్చాము. వచ్చాక కొన్ని వారాల పాటు రాత్రులు ఉలిక్కిపడేది, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలయింది, తల్లి కొంగు వదిలేది కాదు. గారం ఎక్కువైందని పెద్దలు అన్నారు. అది గారం కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన చిన్నపిల్లలలో ఇది తరచుగా కనబడేదే. తిట్టకుండా దగ్గరికి తీసుకుంటే క్రమంగా తగ్గుతుంది.

ఇక పరామర్శకు వెళ్ళేవారికి ఒక మాట. మంచం చుట్టూ పదిమంది చేరి, "మా వాళ్ళ పిల్లవాడికీ ఇలాగే మొదలయింది" అని కథ ఎత్తుకోవద్దు. ఆ కథ ముగింపు వినే శక్తి ఆ తల్లికి లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల ఎన్నో పెద్ద చికిత్సల ఖర్చు పేదవాని నెత్తిన పడడం తగ్గింది. కాని కోతల కాలంలో బిడ్డ ప్రక్కన కూర్చున్న కూలివాని ఆరు రోజుల కూలి ఎవరిస్తారు? ఇంటి దగ్గర మిగిలిన పిల్లలకు అన్నం ఎవరు పెడతారు? మేము లేని ఆ ఆరు రోజులు మా పెద్దవాణ్ణి వీధి చివరి ఒక హిందూ కుటుంబం తమ పిల్లలతో పాటు కూర్చోబెట్టి భోజనం పెట్టింది. వారు ఆసుపత్రికి ఒక్కసారి కూడా రాలేదు. వారి పరామర్శను మించినది నాకు మరొకటి జ్ఞాపకం లేదు.

ఈ వారం మన జమాతులోని ఒక సోదరుని ఎనిమిది నెలల పాప విజయవాడలో ఆసుపత్రిలో ఉంది. భార్యాభర్తలిద్దరూ అక్కడే ఉన్నారు. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు వృద్ధురాలైన నానమ్మ వద్ద ఉన్నారు. నమాజు తరువాత మనం ఆ పాప కోసం దుఆ చేద్దాము. రాత్రి భోజనం ఎవరు ఏ రోజు పంపగలరో దుఆ ముగిసిన వెంటనే వజూఖానా ప్రక్కన బల్ల దగ్గర పేరు వ్రాయించండి. శని, ఆదివారాలకు ఇప్పటికే ఇద్దరు ముందుకు వచ్చారు. సోమవారం నుంచి ఖాళీగా ఉంది.