గోల్కొండలో చూడవలసింది నీళ్ల దారి

గోల్కొండ: పొరుగూరి నుంచి చుట్టాలు వస్తే గోల్కొండకు తీసుకుపోవడం హైదరాబాద్ నగరవాసులకు ఆనవాయితీ. బాలాహిసార్ దర్వాజా కమాను కింద చప్పట్లు కొట్టడం, ఆయాసపడుతూ మూడు వందలకు పైగా ఉన్న మెట్లెక్కడం, పైన బారాదరిలో గాలి పోసుకుని దిగిరావడం - చాలామందికి గోల్కొండ అంటే ఇంతే. అయితే ఈ కోటను నిలబెట్టిన అసలు విద్య మెట్ల పక్కనే, గోడల్లోనే దాగి ఉన్నది. అది నీటి విద్య.

మట్టికోట నుంచి రాతికోట

కాకతీయుల కాలంలో ఇక్కడ ఉన్నది మట్టికోట. 14వ శతాబ్దంలో అది బహమనీల వశమైంది. 1518లో సుల్తాన్ కులీ కుతుబ్ షా స్వతంత్రుడై దీనిని రాజధాని చేసుకున్నాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా కాలానికి ఇది దుర్భేద్యమైన రాతికోటగా మారింది. సుమారు 400 అడుగుల ఎత్తైన కొండ, దాని చుట్టూ ఏడు కిలోమీటర్ల ప్రాకారం, 87 బురుజులు, ఎనిమిది దర్వాజాలు. ఏనుగులు కుమ్మి పగలగొట్టకుండా తలుపులకు ఇనుప మేకులు దిగగొట్టారు.

చప్పట్ల సంగతి కూడా వినోదం కోసం పుట్టింది కాదు. కింద దర్వాజా వద్ద అలికిడి జరిగితే కొండమీది కాపలావారికి తెలియాలి. కమాను నిర్మాణంలోనే ఆ ఏర్పాటు చేశారు.

నీళ్లు కొండెక్కిన తీరు

కొండమీద కోట కట్టినవాడికి శత్రువు కంటే ముందు ఎదురయ్యేది దాహం. రాజ పరివారం, సైన్యం, గుర్రాలు, ఏనుగులు - అందరికీ నీరు కావాలి. కోటకు ఉత్తరాన ఉన్న దుర్గం చెరువు నుంచి నీరు తెచ్చి, ఏతపు చక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి, అక్కడి నుంచి ఆపై తొట్టికి అంచెలంచెలుగా తోడి పోసేవారు. గోడల్లో పొదిగిన మట్టి గొట్టాల ద్వారా ఆ నీరు మహళ్లకు, స్నానశాలలకు, ఫౌంటెన్లకు పారేది. కరెంటు మోటారు లేని రోజుల్లో జరిగిన పని ఇది. ఆ గొట్టాల ముక్కలు నేటికీ గోడల్లో కనిపిస్తాయి. రామదాసు బందిఖానా ఎక్కడని అడిగేవారే గాని, వాటిని ఆగి చూసేవారు తక్కువ.

ఈ కోట బలమెంతో 1687లో తేలింది. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించింది. కరవుతో, వానలతో అల్లాడినది బయట ఉన్న మొగలు శిబిరమే. చివరకు లోపలి సర్దారు ఒకడు లంచానికి ఆశపడి రాత్రివేళ తలుపు తీయించడంతో కోట పడిపోయింది. తానీషా బందీగా దౌలతాబాదుకు తరలిపోయాడు. ఫిరంగులకు లొంగని కోట లోపలివారి చేతనే ఓడింది.

నేటి ముట్టడి

ఇప్పుడు బారాదరి నుంచి చూస్తే ఒకవైపు కుతుబ్ షాహీ సమాధులు, మరోవైపు ఆకాశాన్నంటే అద్దాల మేడలు. ఒకనాడు కోట దాహం తీర్చిన దుర్గం చెరువు చుట్టూ నేడు సాఫ్ట్‌వేర్ కంపెనీలు వెలిశాయి. 2020లో దానిపై తీగల వంతెన కూడా వచ్చింది. వంతెనపై ఫొటోలు దిగే యువతరంలో ఈ నీరే ఒకనాడు గోల్కొండ కొండెక్కిందని ఎందరికి తెలుసు?

నీటిని ఏలిన కోటకు నేడు నీటితోనే గండం. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు కోటలో ఒక గోడ కూలింది. పాత గోడలో నీరు నిలిస్తే సున్నం నాని, రాయి కదులుతుంది. కాలువలో పడిన ఒక్క ప్లాస్టిక్ సీసా, కాగితపు ప్లేటు చాలు, వాననీటి దారి మళ్లడానికి. కట్టడం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నా, వచ్చిపోయే ప్రతివారి వెంట కాపలా పెట్టడం ఏ శాఖకూ సాధ్యం కాదు.

గోల్కొండ చచ్చిన కోట కాదు. ప్రాకారం లోపల నేటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. ఆషాఢం వస్తే జంట నగరాల బోనాలకు తొలి అడుగు పడేది ఈ కొండమీది జగదాంబిక గుడి వద్దనే. 2014 నుంచి స్వాతంత్ర్య దినాన రాష్ట్ర ప్రభుత్వ జెండా వందనమూ ఇక్కడే.

కోట చూడబోయేవారు ఎండ ముదరకముందే బయలుదేరడం మేలు. చప్పట్లు కొట్టవచ్చు, తప్పులేదు. మెట్లెక్కేటప్పుడు మాత్రం పిల్లలకు ఆ మట్టి గొట్టాలు చూపాలి. గోడలపై పేర్లు చెక్కవద్దని చెప్పాలి. తీసుకుపోయిన సీసాలు తిరిగి తెచ్చుకోవాలి. పూర్వం ఈ కోట తలుపు తీసింది లోపలివాడే. ఇప్పుడు లోపలికి వెళ్లేది మనమే.