నంద్యాల ఎంపీ పేల్చని బాంబు

కర్నూలు నుంచి కడప వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ వరసగా వస్తాయి. దారి పొడవునా శనగ చేలు, కేసీ కాలువ కింద వరి మళ్లు, ఆళ్లగడ్డ చేరితే శిల్పుల ఉలి చప్పుళ్లు. ఈ దారికీ, మన దేశ అణ్వస్త్ర విధానానికీ ఏం సంబంధం అనిపిస్తుంది. సంబంధం ఉంది, అదీ చాలా దగ్గరిదే.

1991 జూన్‌లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేనాటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కాదు. ఆరు నెలల్లో ఎక్కడో ఒకచోట గెలవాలి. నంద్యాల ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తెలుగుదేశం తరఫున అభ్యర్థినే పెట్టలేదు. నవంబరు ఉప ఎన్నికలో పీవీకి వచ్చిన మెజారిటీ సుమారు 5.8 లక్షలు. మా వైపు పెద్దవాళ్లు ఆ ఎన్నికను ఇప్పటికీ పండగలా చెప్పుకుంటారు. కానీ ఆ ఓట్లతో ఢిల్లీలో కూర్చున్న మనిషి ముందుకొచ్చిన అతి పెద్ద ప్రశ్న గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోరు. బాంబు పేల్చాలా, వద్దా?

మూసుకుపోతున్న తలుపు

1974లో పోఖ్రాన్‌లో మొదటి పరీక్ష జరిగింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు రెండో పరీక్ష లేదు. ఈలోగా చైనా ఆయుధాలు పెంచుకుంది, పాకిస్తాన్ కూడా ఆ దారిలోనే నడిచింది. 1995 మేలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని శాశ్వతం చేశారు. దాని లెక్కలో 1967కు ముందు పరీక్ష చేసిన అయిదు దేశాలే అణ్వస్త్ర దేశాలు. ఇంకోపక్క పరీక్షలన్నిటినీ నిషేధించే ఒప్పందం మీద జెనీవాలో చర్చలు నడుస్తున్నాయి. ఇప్పుడు చేయకపోతే మరెప్పుడూ చేయలేని పరిస్థితి.

1995 చివర్లో పోఖ్రాన్‌లో సన్నాహాలు మొదలయ్యాయి. అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. డిసెంబరు 15న న్యూయార్క్ టైమ్స్ ఆ సంగతి బయటపెట్టింది. అమెరికా రాయబారి ఫ్రాంక్ విస్నర్ ఫొటోలు పట్టుకుని ప్రధాని కార్యాలయానికి వచ్చారు. పరీక్ష జరగలేదు.

పీవీ భయపడి వెనక్కి తగ్గారని కొందరంటారు. నాకు మాత్రం లెక్కలు వేరే సంగతి చెబుతాయి. 1991 వేసవిలో మన విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంతే. బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టుకున్నాం. అలాంటి ఇల్లు అప్పుడప్పుడే కుదుటపడుతోంది. ఆంక్షల దెబ్బ పడితే తట్టుకోగలమా అన్నది సరదా ప్రశ్న కాదు. 1998 మార్చి నాటికి నిల్వలు 2,900 కోట్ల డాలర్లకు చేరాయి. ఆ మేలో వాజపేయి ప్రభుత్వం అయిదు పరీక్షలు చేసింది. అమెరికా, జపాన్ ఆంక్షలు పెట్టాయి, దేశం నిలబడింది. బాంబును సిద్ధం చేసి తనకు అప్పగించింది పీవీయేనని ఆయన మరణం తర్వాత, 2004 డిసెంబరులో, వాజపేయే స్వయంగా చెప్పారు.

1996 ఎన్నికల్లో నంద్యాలలో పీవీ మీద ఆళ్లగడ్డ నేత భూమా నాగిరెడ్డి పోటీ చేశారు. పీవీ గెలిచారు గానీ బరంపురం సీటు ఉంచుకుని దీన్ని వదిలేశారు. ఆ తర్వాతి ఉప ఎన్నికలో భూమా గెలిచారు. ఆ పోటీని ఊళ్లో ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. ఆ కథల్లో పోఖ్రాన్ ఊసే వినపడదు.

దాచుకున్న రెండో దెబ్బ

2003 జనవరిలో ప్రభుత్వం అణు విధానాన్ని ప్రకటించింది. మనం ముందుగా వాడం. మన మీద వాడితే మాత్రం ఎదుటివాడు తట్టుకోలేని జవాబిస్తాం. మీట నొక్కే నిర్ణయం ఎన్నికైన పౌర నాయకత్వానిదే, సైన్యానిది కాదు. పాకిస్తాన్ ఇలాంటి మాట ఇవ్వలేదు.

ముందుగా వాడం అన్నవాడికి మొదటి దెబ్బ తిన్నాక కూడా ఆయుధం మిగిలి ఉండాలి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఒక సర్వర్ పడిపోయినా పని ఆగకూడదని ఇంకొకటి వేరే ఊళ్లో సిద్ధంగా ఉంచుతాం. దేశానికి ఆ రెండో సర్వర్ సముద్రం అడుగున తిరిగే జలాంతర్గామి. అరిహంత్ విశాఖలోనే తయారైంది, అరిఘాత్ 2024 ఆగస్టులో అక్కడే నౌకాదళంలో చేరింది.

అయినా బాంబు అన్నిటికీ మందు కాదు. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ 2025 అంచనా ప్రకారం మన దగ్గర దాదాపు 180 వార్‌హెడ్లు, పాకిస్తాన్ దగ్గర 170, చైనా దగ్గర 600. ఇరుపక్షాల దగ్గరా బాంబులున్నా 1999లో కార్గిల్ జరిగింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి, మేలో ఆపరేషన్ సిందూర్ జరిగాయి. పెద్ద యుద్ధాన్ని బాంబు ఆపుతుందేమో గానీ ఉగ్రవాదిని, చవక డ్రోన్‌ను ఆపదు. అలాంటి డ్రోన్ మీద ఖరీదైన క్షిపణి ప్రయోగిస్తూ పోతే ఖజానా ముందు మనదే ఖాళీ అవుతుంది.

దీనికి ఒక జవాబు మళ్లీ మా దారిలోనే వెతుకుతున్నారు. 2025 ఏప్రిల్ 13న ఓర్వకల్లు ప్రాంతంలోని డీఆర్‌డీవో పరీక్షా కేంద్రంలో లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపించారు. లేజర్‌కు గుండు ఖర్చు లేదు, కరెంటు కావాలి అంతే.

ఓటరు అడగాల్సినవి

2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. అందులో దాదాపు నాలుగో వంతు పింఛన్లకే పోతుంది. ఆ భారం తగ్గించాలనీ, సైన్యం సగటు వయసు తగ్గాలనీ 2022లో అగ్నిపథ్ తెచ్చారు. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మంది. మరి మిగతా ముగ్గురూ ఊరికి తిరిగొచ్చాక ఏం చేయాలి? మిగిలిన డబ్బు నిజంగా పరిశోధనకు వెళుతోందా? ఇవి నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లలో అడగాల్సిన ప్రశ్నలే.

రక్షణ బడ్జెట్‌కు చేయెత్తే సభలో మన ఎంపీ కూడా ఉంటారు. ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డు అడుగుతాం, నీళ్లు అడుగుతాం, అడగాలి కూడా. దాంతోపాటు ఈ ఒక్కటీ అడిగి చూడండి. ఒకప్పుడు బాంబు బరువు మోసిన మనిషిని పంపిన నియోజకవర్గం ఇది. ఆ మాత్రం అడిగే హక్కు మనకుంది.