కొమ్మ ఒకటి, చేతులు ఎన్నో: జపాన్ చెక్క అచ్చుల పూల బొమ్మల కథ

బొమ్మకు అడ్డంగా ఒక ముదురు కొమ్మ. దాని మీద తెల్ల పూలు. వెనక ఎర్రటి ఆకాశం. తోట చూడటానికి వచ్చిన జనం దూరంగా చీమల్లా కనిపిస్తారు. 1857లో వచ్చిన ఈ బొమ్మ పేరు ‘కామెయిదోలోని ప్లమ్ తోట’. చిత్రకారుడు హిరోషిగే. ఎదో నగరం, అంటే ఇప్పటి టోక్యో మీద ఆయన వేసిన బొమ్మల వరుసలో ఇదొకటి.

మరి ప్లమ్ కొమ్మే ఎందుకు? చలి పూర్తిగా పోకముందే, ఆకులు కూడా రాకముందే ఈ చెట్టు పూస్తుంది. అందుకే జపాన్ వాళ్లు ఆ పువ్వులో అందంతో పాటు ఓర్పునూ చూస్తారు.

అయితే ఈ బొమ్మ ఒక్క మనిషి పని కాదు. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీతలు గీసి ఇస్తాడు. చెక్కే కారీగర్ ఆ కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీతలు మాత్రం నిలిచేలా చుట్టూ చెక్కేస్తాడు. దాంతో అసలు గీసిన కాగితం పోతుంది! ఇక మిగిలేది చెక్కే.

తర్వాత మన పెడన కలంకారీ అద్దకంలో లాగానే రంగు రంగుకూ వేరే అచ్చు. రంగు గీత దాటకుండా ఉండాలంటే కాగితం ప్రతిసారీ అదే చోట పడాలి. అందుకోసం చెక్క మీదే రెండు గుర్తులు చెక్కుతారు. అచ్చు వేసే కారీగర్ తడి కాగితాన్ని పరిచి, ‘బారెన్’ అనే గుండ్రటి సాధనంతో వెనక నుంచి రుద్దుతాడు. ఆకాశం రంగు మెల్లగా పలచబడుతుందే, అది అచ్చు మీద రంగును తుడవడంలో అతని చేతి ఒడుపు. తెలుపేమో చాలా బొమ్మల్లో అసలు రంగే కాదు, ఖాళీగా వదిలిన కాగితం.

ఇలాంటి అచ్చు బొమ్మలు అప్పట్లో మామూలు జనం కూడా కొనుక్కునేవారు. తర్వాత అవి యూరప్ చేరాయి. 1887లో వాన్ గోహ్ ఇదే ప్లమ్ తోటను నూనె రంగుల్లో మళ్లీ వేశాడు. ఆ చిత్రం ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఉంది.

హిరోషిగే పేరు ప్రపంచానికి తెలుసు. వాన్ గోహ్ పేరూ తెలుసు. కానీ ఆ పూరేకుల అంచులను చెక్కలో నిలబెట్టిన చేతుల పేర్లు చాలా బొమ్మల మీద కనిపించవు. ఈసారి అలాంటి బొమ్మ కంటపడితే పూలతో పాటు ఆ సన్నటి గీతనూ ఒకసారి చూడండి. అది కలం గీత కాదు, ఉలి మిగిల్చిన గీత.