బాక్సైట్ ఒప్పందాలు - పెట్టుబడిదారు హక్కులు: రాజకీయ పక్షాల వైఖరులు

వ్యాససంగ్రహం: విశాఖ మన్యం బాక్సైట్‌ను ఆధారం చేసుకొని రెండు అల్యూమినా శుద్ధి కర్మాగారాలు తలపెట్టబడ్డాయి. ఒకటి శృంగవరపుకోట మండలం బొడ్డవర వద్ద, మరొకటి మాకవరపాలెం వద్ద. పెట్టుబడిదారు జాతీయతను బట్టి న్యాయరక్షణ మారిన తీరును, దానిపై రాజకీయ పక్షాల వైఖరిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బాక్సైట్, పెట్టుబడి సంధి, మధ్యవర్తిత్వం, షెడ్యూల్డు ప్రాంతం.

1. ఒప్పందాల నేపథ్యం

షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూములను గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల కోసం ఇవ్వరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అందువల్ల ఖనిజాన్ని ప్రభుత్వరంగ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి, ప్రైవేటు కర్మాగారాలకు సరఫరా చేసే పద్ధతిని కాంగ్రెస్ ప్రభుత్వం ఎంచుకొంది. 2005లో జిందాల్ సంస్థతోను, 2007లో రస్ అల్ ఖైమా ప్రభుత్వంతోను అవగాహన కుదిరింది. మాకవరపాలెంలోని అన్‌రాక్ సంస్థ ఈ రెండో అవగాహన ఫలితమే.

2. పక్షాల వైఖరులు

వామపక్షాలు తవ్వకాలను మొదటినుండి వ్యతిరేకించాయి. కాంగ్రెస్‌కే చెందిన కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి కిశోర్ చంద్రదేవ్ ఒప్పందాల రద్దును కోరారు. ప్రతిపక్షంలో ఉండగా వ్యతిరేకించిన తెలుగుదేశం, అధికారంలోకి వచ్చాక 2015 నవంబరులో జీవో 97 ద్వారా చింతపల్లి అటవీ భూమిని తవ్వకాలకు కేటాయించింది. నిరసనల దరిమిలా వెనుకంజ వేసింది. దానిపై ఉద్యమించిన వై.ఎస్.ఆర్. కాంగ్రెస్, 2019లో అధికారం చేపట్టాక లీజులను రద్దు చేసింది. ఈ చర్చ అంతా గిరిజన హక్కులు, పర్యావరణం చుట్టూ సాగింది. పెట్టుబడి సంధి ప్రస్తావన అందులో ప్రధానం కాలేదు.

3. సంధి ప్రభావం

భారత్-యు.ఎ.ఇ. పెట్టుబడి సంధిపై యు.పి.ఎ. ప్రభుత్వం 2013 డిసెంబరులో సంతకం చేసింది. అది 2014లో అమల్లోకి వచ్చింది. బాక్సైట్ సరఫరా జరగలేదన్న వివాదంలో రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ 2016లో దీని కిందనే భారతదేశంపై మధ్యవర్తిత్వానికి దిగింది. సరఫరా హామీ రాష్ట్రానిది. సమాధానం చెప్పవలసింది కేంద్రం. భూమి రాష్ట్రజాబితాలోను, విదేశాలతో సంధులు కేంద్రజాబితాలోను ఉండడమే ఇందుకు మూలం. సంధికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు కనుక పక్షాలు తమ వైఖరిని ముందుగా ప్రకటించవలసిన సందర్భమే రాలేదు.

ఎన్.డి.ఎ. ప్రభుత్వం 2015 నాటి నమూనా సంధిలో, మధ్యవర్తిత్వానికి ముందు 5 సంవత్సరాలు స్థానిక న్యాయమార్గాలను అనుసరించాలన్న నియమం చేర్చింది. అదే ప్రభుత్వం 2024లో యు.ఎ.ఇ.తో చేసుకొన్న కొత్త సంధిలో ఆ గడువును 3 సంవత్సరాలకు తగ్గించింది. విధాన స్వేచ్ఛ, పెట్టుబడుల ఆకర్షణ అనే రెండు లక్ష్యాల నడుమ ఒకే పక్షం ఊగిసలాడడం ఇక్కడ గమనార్హం.

4. శృంగవరపుకోట అనుభవం

బొడ్డవర ప్రాజెక్టు కూడా ఖనిజం అందక నిలిచిపోయింది. అయితే స్వదేశీ పెట్టుబడిదారుకు అంతర్జాతీయ మధ్యవర్తిత్వం అందుబాటులో లేదు. భూములిచ్చిన రైతులకు, గిరిజనులకు సంధిలో స్థానమే లేదు. శుద్ధి కర్మాగారం రాని ఆ భూములను తిరిగి ఇవ్వాలని నిర్వాసితులు ఆందోళన చేస్తూ వచ్చారు. వారి ముందున్నవి స్థానిక కార్యాలయాలు, దేశీయ న్యాయస్థానాలే.

ముగింపు

ఒకే ఖనిజం, ఒకే విధాన వైఫల్యం. నష్టపోయినవారికి లభించిన న్యాయమార్గాలు మాత్రం వేరు. కనుక గనులపై ఒక పక్షం వైఖరిని అంచనా కట్టేటప్పుడు తవ్వకాలపై దాని ప్రకటనలతోపాటు, అధికారంలో ఉండగా అది అంగీకరించిన సంధులను కూడా పరిశీలించడం అవసరం.