జమ్ముకొంగ

కొంగ యనగానే మనకు తోచునది పొలము గట్టుపై నిలిచిన తెల్లని పక్షి. దిగపహండి చెరువులవద్ద దానిని చూడని విద్యార్థి యుండడు. కాని అదే కుటుంబమునకు చెందిన వేరొక కొంగ గలదు. అది పది అడుగుల దూరమున నున్నను మన కంటబడదు. దాని మేను ఇటుక వన్నె. పొడవు మూరెడుకంటె తక్కువ. జమ్ము, తుంగ, నీరు నిలిచిన వరిచేలు దాని నివాసములు. 1789లో శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిన్ పేరు దాల్చినచెక్క రంగును తెలుపును. ఈ వ్యాసములో మేము దానిని జమ్ముకొంగ యని పిలిచెదము.

ఇది దాగు విధము మిక్కిలి విచిత్రమైనది. అపాయము తోచినపుడు ఇతర పక్షులవలె వెంటనే ఎగిరిపోదు. మెడను నిలువుగా సాచి, ముక్కును ఆకాశమువైపు ఎత్తి, కొయ్యబారి నిలుచును. ఆడపక్షికిని పిల్లలకును మెడక్రింద నిలువు చారలుండుటచే జమ్ముకాడల నడుమ అదియు నొక కాడవలెనే కనబడును. ముక్కు పైకెత్తినచో ఎదుటివారి నెట్లు చూచునని మీరడుగవచ్చును. దాని కన్నులు ముక్కుకు క్రిందివైపుగా చూచునట్లు అమరియున్నవి. మనము దానిని వెదకుచుండగా అది మనలనే గమనించుచుండును! మరీ దగ్గరకు పోయినచో లేచి, కొంతదూరము ఎగిరి, మరల జమ్ములో దూరును. పొడవైన కాలివ్రేళ్ళతో కాడలను పట్టుకొని నీటిని తాకకయే నడువగలదు. చేపపిల్లలు, కప్పలు, పురుగులు దాని ఆహారము.

దీనికి పెద్ద బంధువొకటి గలదు. అది శీతకాలమున మాత్రమే భారతదేశమునకు వచ్చును. ఐరోపాలో వసంతకాలమున దాని మగపక్షి చేయు గంభీరధ్వని కొన్ని కిలోమీటర్ల దూరము వినబడునట. మన దేశమున నున్నన్నాళ్ళు అట్లు కూయదు.

జమ్ముకొంగ వానకాలమున కాడలను వంచి, వాటిపై గూడు కట్టి, తెల్లని గ్రుడ్లు పెట్టును. చెరువు పూడిపోకుండ జమ్మును కోయుట రైతునకు అవసరమే. దానిని మేము కాదనము. అయితే వానలలో గట్టు పొడుగునను ఒక్కసారిగా కోసినచో గ్రుడ్లు, పిల్లలు నశించును. ఒక మూల జమ్మును వర్షర్తువు గడచువరకు విడిచిన చాలును. ఈ సంగతి పిల్లలకంటె తల్లిదండ్రులు గ్రామములో చెప్పిన చెల్లును. చిలికా సరస్సునకు మంచినీరు చేరు ఉత్తరభాగమున నల యను గడ్డి దట్టముగా పెరుగును. అట్టి గడ్డిని పనికిరాని కలుపుగా మాత్రమే ఎంచుట పొరపాటు.

మరియొక మాట. 1862–64లో తన పక్షిగ్రంథమును ప్రకటించిన జెర్డన్ అను వైద్యుడు పక్షులకు ప్రజలు వాడు తెలుగు పేర్లను కూడ అందులో చేర్చెను. మన గంజాం తెలుగువారి యిండ్లలో నేటికిని అట్టి పేర్లుండవచ్చును. మీ తాతయ్యను, అమ్మమ్మను అడిగి వ్రాసికొనుడు. ఒడియా మిత్రులు వాడు పేరును ప్రక్కనే వ్రాయుడు.

దానిని చూడగోరువారు ప్రొద్దుగ్రుంకు వేళ పెద్దలతో చెరువుగట్టున కదలక కూర్చుండవలెను. ఘొడాహడ జలాశయమున మొసళ్ళున్నవి. అచట నీటి యంచునకు దిగరాదు.