సైకిళ్ళ నగరము ఫెర్రారా

మన పాఠశాలకు చుట్టుప్రక్కల గ్రామములనుండి సైకిలుపై వచ్చు విద్యార్థులు పలువురు కలరు. సైకిలు మోటారు కొనలేనివారి వాహనమని తలంచువారికి ఇటలీ దేశమందలి ఫెర్రారా నగరమును గూర్చి చెప్పవలెను. అచ్చట బడిపిల్లలే కాక ఉద్యోగస్థులు, తల నెరసిన అవ్వలు సయితము సైకిలెక్కియే అంగడికి పోవుదురు. ఇటలీవారు దానిని సైకిళ్ళ నగరమని వ్యవహరింతురు.

దీనికి కారణము లేమి? మొదటిది నేల. ఉత్తర ఇటలీలో పో నది తెచ్చి పరచిన ఒండ్రుమట్టి మైదానముపై ఈ నగరము వెలసినది. ఎక్కుడుదిగుడులు లేవు. రెండవది నగరనిర్మాణము. పూర్వము ఫెర్రారాను ఎస్తె వంశీయులు పాలించిరి. 1482 మొదలు 1484 వరకు వెనిసువారితో జరిగిన యుద్ధమున నగరము మిక్కిలి నలిగెను. పిమ్మట 1492లో ఎర్కోలె ప్రభువు, బియాజో రోసెత్తి అను శిల్పిచే నగరమును ఉత్తరముగా ఇంచుమించు రెండింతలు పెంచి, నూతన ప్రాకారమును కట్టింప నారంభించెను. ఆనాడు తీర్చిన వెడల్పైన తిన్నని వీధులే నేడు సైకిళ్ళకు అనువైనవి. మూడవది, నడినగరమున మోటారు బండ్లకు కట్టుబాట్లు గలవు.

యాత్రను కోటవద్ద ప్రారంభింపవచ్చును. పన్నుల భారమునకు ఓర్వలేక ప్రజలు తిరుగబడగా, 1385లో ప్రభువు తన రక్షణకై కట్టించుకొన్న దుర్గమిది. నాలుగు బురుజులు, చుట్టును నీరు నిండిన అగడ్త నేటికిని నిలిచియున్నవి. అటనుండి ఉత్తరముగా సాగిన రాజవీధిలో వజ్రముల భవనము కనబడును. దాని గోడలందు కోసుగా చెక్కిన సుమారు 8,500 చలువరాళ్ళు ఎండలో ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగ మెరయును. వీధి చివర ప్రాకారము. ఆ ప్రాకారము సుమారు 9 కిలోమీటర్ల పొడవున నగరమును చుట్టియున్నది. శత్రువుల నడ్డుకొనుటకు కట్టిన ఆ గట్టుపై చెట్లనీడన బాలురు నిర్భయముగ సైకిలు తొక్కుదురు. దక్షిణమున నున్న పాత పేటలో మాత్రము ఇరుకు సందులు, గుండ్రని ఏటిరాళ్ళు పరచిన బాటలు. చక్రము కుదుపులకు చేతులు తిమ్మిరెక్కును. 1995లో యునెస్కో ఈ నగరమును ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించెను.

తొక్కినవానికి ఆకలి సహజము. ఇచ్చటి ముఖ్యమైన వంటకము కప్పెల్లాచ్చి, అనగా పెద్ద టోపీలు. గోధుమపిండిని గ్రుడ్లతో కలిపి పలుచగా వత్తి, ఉడికిన గుమ్మడికాయ గుజ్జు, తురిమిన గట్టి జున్ను, జాజికాయపొడి నింపి టోపీవలె మడిచి, నీట నుడికించి, వెన్నతో వడ్డింతురు. మన కజ్జికాయవలె లోపల పూర్ణమున్నను ఇది పిండివంట కాదు, భోజనమే. 1584లో ఎస్తె వంశీయుల కొలువున నున్న ఒక పాకాధికారి గ్రంథమున ఇట్టి వంటకము వ్రాయబడియున్నది. గుమ్మడి అమెరికానుండియు, జాజికాయ తూర్పు సముద్రపు దీవులనుండియు వచ్చినవే. నేడవి ఫెర్రారా సొంతము.

రెండవది కొప్పియా అను రొట్టె. కొప్పియా యనగా జంట. మెలిపెట్టిన రెండు పిండిముద్దలను నడుమ కలిపి కాల్చగా నాలుగు కొమ్ములు గల రొట్టె యగును, కొమ్ములు కరకరలాడును. ఇందు పందికొవ్వు కలుపుదురు గనుక శాకాహారులు విచారించి తినవలెను.

పాత పేటలో విన్యతల్యాత అను సన్నని వీధి గలదు. అచ్చట తప్పక సైకిలు దిగవలెను. 1492లో స్పెయిను యూదులను వెడలగొట్టగా, ఎర్కోలె ప్రభువు వారికి తన నగరమున ఆశ్రయ మిచ్చెను. ఆ నగరముననే 1938లో, ఇటలీ ప్రభుత్వము చేసిన జాతి శాసనములవలన, యూదుల బిడ్డలు ప్రభుత్వ పాఠశాలలనుండి వెడలింపబడిరి. అల్పసంఖ్యాకులైన ఆ తల్లిదండ్రులు చదువు మానిపింపక ఈ వీధిలో తమ పాఠశాలను నడిపిరి. యువకుడైన జోర్జో బస్సాని అచ్చట ఉపాధ్యాయుడు. పిదప ఆయన ప్రసిద్ధ రచయితయై, 1962లో వెలువడిన తన నవలలో ఆ కాలపు ఫెర్రారాను చిత్రించెను. నగరమునుండి కొనిపోబడి నాజీల శిబిరములలో మరణించినవారు అనేకులు. ఆ చిన్న బడి నిలిపిన చదువు మాత్రము వ్యర్థము కాలేదు.

భాషను గూర్చి ఒక్కమాట. తెలుగువలె ఇటాలియను పదములును చాలవరకు అచ్చులతో ముగియును. ఫెర్రారా మాండలికమో, అకారము తప్ప తక్కిన తుది అచ్చులను తరచుగా విడుచును. కప్పెల్లాచ్చి ఆ మాండలికమున కప్లాజ్. బడిలోను కచేరిలోను వినబడని మాట వంటింట నిలిచియున్నది.

తల్లిదండ్రులారా! మన యిండ్లను చుట్టి వేరొక భాష యున్నది. దానిని మన బిడ్డలు చక్కగా నేర్వవలసినదే. అయినను మీరు వండి వడ్డించునపుడు ఆ వంటకమును మీ అవ్వ పిలిచిన పేరుతోనే పిలువుడు. విద్యార్థులారా! ఆ పేరును మీ నోటుపుస్తకమున వ్రాసికొనుడు. వ్రాయబడని పేరు ఒక్క తరములో మాయమగును.